డిక్కీలో పోసిన పసుపు నీళ్ళు

పాత కార్లు చూసిపెట్టే పనిలో ఉన్న కుర్రాళ్ళు మన ఉత్తరాంధ్రలో ఒక కథ చెప్పుకుని నవ్వుకుంటారు. చేపల వ్యాపారి ఒకడు ఎక్కడినుంచో బ్రిటన్ కారు కొనుక్కొచ్చాడట. వాళ్ళమ్మ దాన్ని పడవ అనుకుని డిక్కీలో పసుపు నీళ్ళు కుమ్మరించిందట. కారు అరసవల్లి గుడి దాకా వెళ్ళకుండానే నడిరోడ్డు మీద చచ్చిపోయిందట.

ఈ కథ మొదట చెప్పినవాణ్ణి నేనే. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పేటప్పుడు చాలాసార్లు చెప్పి నవ్వించాను. అందులో కారు నిజం. పసుపు నీళ్ళు నిజం. ఆగిపోవడమూ నిజమే. నీళ్ళవల్ల ఆగిందన్న ముక్క మాత్రం నిజం కాదు. ఆ ముక్క మూలంగా ఒక పెద్దావిడకి ఆమె ఊళ్ళో ఉన్న చోటు పోయింది. అందుకని మీలో ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అసలు జరిగింది నా నోటినుంచే వినాలి.

మాది శ్రీకాకుళం. ఉద్యోగమంతా విశాఖపట్నంలో, ఖరీదైన కార్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో చేశాను. మెకానిక్‌గా చేరి, చివరి పదేళ్ళూ ఎవరైనా పాత కారు కొనబోతుంటే ముందుగా వెళ్ళి చూసి, కొనవచ్చో లేదో చెప్పే పనిలో ఉన్నాను. ఆ పని నాకు నేర్పిన ఫోర్‌మన్‌ది ఒకటే నియమం. బండిని ఆఖర్న నడపాలి. ముందు కింద పడుకుని చూడు, మూతలు తీసి చూడు, కార్పెట్లు లేపి చూడు, అన్నీ అయ్యాకే తాళం అడుగు అనేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ముందే నడిపీసినావనుకో, దానిమీద మనసు పడిపోద్ది. మనసు పడ్డాక నీకు తుప్పు కూడా రంగులాగే కనపడతాది" అన్నాడు.

ఎన్నో కార్లకి ఆ నియమం పాటించాను. ఒక్కదానికి పాటించలేదు.

ఆ కారు కొన్నవాడు నాకు కాలేజీలో సహాధ్యాయి. నరసన్నపేటకి తూర్పున సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది. తండ్రి తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. ఇతను రొయ్యల వ్యాపారంలోకి దిగి బాగా పైకొచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ కాలేజీ రోజులనుంచీ నన్ను బావ అంటాడు, నేనూ అలాగే పిలుస్తాను. అలా వాళ్ళమ్మ నాకు అత్త అయింది.

ఒకరోజు తన జీపు సర్వీసుకి మా వర్క్‌షాపుకి తెచ్చాడు. అప్పటికి మా దగ్గర రిపేరుకి వచ్చిన బ్రిటన్ కారొకటి ఓ మూల ఉంది. రెండే తలుపులు, పొడవాటి ముక్కు, నేలకి ఆనినట్టుండే నడుము. దాని యజమాని కలకత్తా నుంచి చెన్నై వెళుతూ దారిలో నీళ్ళ గొట్టం పగిలి మా దగ్గర వదిలి వెళ్ళాడు. మావాడు దాని చుట్టూ తిరిగాడు. మళ్ళీ తిరిగాడు.

"బావా, ఇది కారేటి? వంజరం సేపలాగున్నాది."

"ముట్టుకోకు. మనది కాదు."

"ఇంత పొడుగుంది, ఎంతమంది కూకుంటారు?"

"ఇద్దరు. వెనక సీటుంది గానీ అందులో చిన్నపిల్లలే పడతారు."

"ఇద్దరికి ఇంత బండా! దేనికి మరి?"

"దూరం పోవడానికి. పొద్దున్న ఇక్కడ బయల్దేరి రాత్రికి చెన్నైలో దిగినా ఒళ్ళు నొప్పి తెలీదు. స్పీడుకి స్పీడు, సుఖానికి సుఖం."

వంగి అద్దంలోంచి లోపలి సీట్లు చూశాడు. తర్వాత అన్నాడు. "మా నాన్న సముద్రంలో కాస్త దూరం ఎల్లి రాడానికి రోజంతా తెడ్డు ఏసీవోడు. సాయంత్రం సేతులు పైకి లెగిసీవి కాదు, అమ్మ అన్నం కలిపి పెట్టీది. ఒక్కసారి ఈ బండి మీద అమ్మని కూకోబెట్టి తిప్పాల బావా. కొత్తది మనవల్ల కాదు. పాతది సూడు."

నేను వెతకడం మొదలుపెట్టాను. వద్దని చెప్పాల్సిన కారణాలు చాలా ఉన్నాయి. మన వైపు వీటిని విప్పగలిగినవాళ్ళు లేరు. సామాన్లు దేశం దాటి రావాలి. సముద్రపు గాలికి వైర్ల మొనలు చిలుము పడతాయి. ఇవన్నీ అతనికి చెప్పాను, కాకపోతే వద్దనడానికి చెప్పినట్టు కాకుండా, జాగ్రత్తగా ఉండాలి సుమా అన్నట్టు చెప్పాను. కొనాలని అతన్ని మించి నాకే ఉంది. ఇన్నేళ్ళుగా అలాంటి కార్లని వర్క్‌షాపులో లిఫ్టు నుంచి గేటు దాకా, గేటు నుంచి లిఫ్టు దాకా నడిపినవాణ్ణి. రోడ్డు మీద సొంతంగా ఒక్కసారీ నడపలేదు.

హైదరాబాదులో ఒకటి దొరికింది. ముదురాకుపచ్చ రంగు, పన్నెండు సిలిండర్ల ఇంజను, లోపలంతా తేనె రంగు తోలు. అమ్మేది పెద్దాయన, మర్యాదస్తుడు. మేమిద్దరం వెళ్ళగానే కుర్చీలు వేయించి, టీ తెప్పించి, నా చేతిలో తాళం పెట్టాడు. "మాటలెందుకండీ, ముందు అలా ఓ చుట్టు తిరిగి రండి" అన్నాడు.

ఫోర్‌మన్ మాట గుర్తుకి రాకపోలేదు. వచ్చింది. తాళం తీసుకున్నాను.

ఊరి బయటి పెద్ద రోడ్డెక్కాక యాక్సిలరేటరు కొంచెం నొక్కాను. ఆ కారు అరవలేదు, ఉరకలేదు. వెనకనుంచి ఎవరో పెద్ద అరచేతితో మెత్తగా తోసినట్టయింది, అంతే. పక్కన కూర్చున్న మావాడు తలుపు పిడి పట్టుకుని "అమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. తిరిగొచ్చేసరికి మా మనసుల్లో కారు కొనడమూ అయిపోయింది, తనిఖీ మాత్రం మిగిలి ఉంది.

చేయలేదని కాదు. లిఫ్టు ఎక్కించాను. ఆయిలు చూశాను, బ్రేకులు చూశాను, కంప్యూటరు తగిలించి చదివాను. రంగు మందం కొలిచాను. అన్నీ బాగానే ఉన్నాయి. బ్యాటరీ కొత్తది. అది చూసి సంతోషించాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందని అడగాలి. అడగలేదు.

ఆఖర్న డిక్కీ తెరిచాను. ఆ కారు కొలతకే కుట్టించిన తోలు పెట్టెలు నాలుగు, ఒకదాని పక్కన ఒకటి అమర్చి ఉన్నాయి. అవీ కారుతోపాటే ఇస్తానన్నాడు పెద్దాయన. మావాడు లోపలికి వంగి వాసన చూశాడు. చేపల వ్యాపారి కదా, వాడి ముక్కు దేన్నీ వదలదు.

"బావా, కలరా ఉండల వాసనొస్తన్నాదేటి?"

"తోలు పెట్టెలు కదా, పురుగు పట్టకుండా వేసుంటారు" అన్నాను.

డిక్కీలో కలరా ఉండలు వేసేది చాలాసార్లు చెమ్మ వాసన తెలియకుండా ఉండడానికి. అది తెలియకపోతే నేనీ పనికి పనికిరాను. పెట్టెలు దించి, కార్పెట్ లేపి, కింద పలక తీస్తే చాలు. ఆ కార్లలో డిక్కీ అడుగునే బ్యాటరీ, దాని పక్కన కారుని నడిపించే కంప్యూటరు పెట్టెలు ఉంటాయి. చల్లారుతున్న టీ తాగేలోపు అయిపోయే పని. పెట్టెలు అంత అందంగా అమర్చి ఉంటే కదపబుద్ధి కాలేదు. మూత వేసేశాను.

మర్నాడు కారు మేమే నడుపుకుంటూ బయల్దేరాం. వంతులవారీగా నడిపాం. తన వంతు వచ్చినా మావాడు చాలాసార్లు నాకే వదిలేశాడు. నా మొహం చూసే వదిలేశాడనుకుంటాను. తుని దాటాక వాన పట్టుకుంది. శ్రీకాకుళం దాకా వదల్లేదు. ఆ వానలో కూడా కారు రోడ్డుని పట్టుకుని గీత గీసినట్టు పోయింది. వెనక దీపాల పక్కనున్న రబ్బరు గట్టిపడి, పగుళ్ళిచ్చి, నీళ్ళు సన్నగా లోపలికి దిగుతున్న సంగతి మాకు తెలియదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే వాళ్ళ ఊళ్ళో కారుకి స్నానం.

ఆ ఊరి పద్ధతి గురించి చెప్పాలి. అక్కడ కొత్త పడవ నీళ్ళలోకి దిగేముందు ఒక ముత్తైదువ గానీ ఇంటి పెద్దావిడ గానీ దాని ముందూ వెనకా పసుపు నీళ్ళు పోయాలి. ఎవరు పడితే వాళ్ళు పోయరు. చేయి మంచిదని పేరున్నవాళ్ళనే పిలుస్తారు. ఆ ఊళ్ళో ఆ చేయి మా అత్తది. పడవలే కాదు, కొత్త ఇంజను, కొత్త వల, ఆఖరికి కుర్రాళ్ళు కొనుక్కున్న మోటారు సైకిళ్ళు కూడా ఆమె వాకిట్లోకే వచ్చేవి. ఆమె నీళ్ళు పోసిన పడవ మొదటి వేటనుంచి తిరిగి రాగానే అందులో మంచి చేప ఒకటి ఏరి ఆమె ఇంటికి పంపేవారు. కొడుకు లారీల కొద్దీ సరుకు ఎగుమతి చేస్తున్నా, ఆ చేప వచ్చిన రోజున ఆమె దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తనే కోసి, తనే పులుసు పెట్టి, ఇంటిల్లిపాదికీ తనే వడ్డించేది.

కారు వాకిట్లో నిలబెట్టాం. ఊరంతా వచ్చింది. అత్త ఇత్తడి బిందెతో ముందు ముక్కు మీద నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. మావాడు ఉత్సాహంగా డిక్కీ తెరిచాడు.

"వెనక కూడా పొయ్యమ్మా. పడవకి పోస్తావు కదేటి."

ఆమె లోపలికి చూసి వెనక్కి తగ్గింది. "ఒరే, ఇది పరుపేసిన మంచంలాగున్నాది. దీన్లో నీళ్ళేటిరా?" అని నావైపు తిరిగింది. "అల్లుడూ, నువ్వు సెప్పు. పోస్తే పాడవదు కదా?"

"ఏం కాదత్తా. కొంచెం పొయ్యి" అన్నాను.

నిజంగానే ఏమీ కాదు. పైన మందపాటి కార్పెట్, దాని కింద పలక. ఆమె దోసెడు నీళ్ళు చిలకరించినట్టే పోసింది. కార్పెట్ మీద పచ్చటి మరక పడింది.

ఆ తర్వాత అరసవల్లి బయల్దేరాం, పూజ చేయించడానికి. మావాడు నడుపుతున్నాడు. పక్క సీట్లో అత్త, ఒళ్ళో కొబ్బరికాయ, పూల బుట్ట. వెనక చిన్నపిల్లల సీట్లో నేను, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా. బంధువులు మా వెనక రెండు ఆటోల్లో.

అత్తకి కారు నచ్చలేదు. "ఏట్రా ఇది, నేల మీద కూకున్నట్టున్నాది. నాకు మనుషుల మొకాలు కనపడ్డం లేదు, అందరి మొలతాళ్ళే కనపడతన్నాయి" అంది. మావాడు నవ్వి రోడ్డు ఖాళీ దొరికినచోట కొంచెం వేగం పెంచాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, "మీ నాన్నుంటే బాగున్ను" అంది. మావాడు ఆ కారు కొన్నది ఆ మాట కోసమే.

గుడికి దగ్గరగా, లాడ్జీలున్న మలుపులో, డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. ఎర్రవి, పసుపువి. తర్వాత అన్నీ ఆరిపోయాయి. ఇంజను ఆగింది. గేరు బిగుసుకుంది, చక్రాలకి బ్రేకు దానంతట అది పడిపోయింది. అలాంటి కార్లలో కరెంటు పోతే అంతే, అంగుళం కదలదు. ఆదివారం కావడంతో ముందూ వెనకా ఆటోలు, బస్సులు, నడిచే జనం. మేము సరిగ్గా మలుపుకి అడ్డంగా ఉన్నాం.

"ఓ బావోయ్! నడిరోడ్డు మీద దుకాణమెట్టినావేటి?" అని ఒక ఆటో అతను అరిచాడు.

"ఆగిపోనాది" అన్నాడు మావాడు.

"ఆగిపోతే తొయ్యాల. మనుషుల్లేరేటి? ఒరే రండ్రా!"

"తోస్తే కదల్దు. లాకైపోనాది."

"అంత కారుకి తోస్తే కదలడం కూడా రాదా? మా ఆటో నయం కదరా!"

జనం నవ్వారు. మావాడి మొహం కందిపోయింది. ముందు అత్తని దించాలి. సీటు మరీ కిందికి ఉండటంతో ఆమె లేవలేకపోయింది. ఆటోల్లోంచి దిగొచ్చిన బంధువుల ఆడవాళ్ళిద్దరు చెరో చేయీ పట్టి లాగారు. "వల్లోంచి సేపని లాగినట్టు లాగుతారేటే, సెయ్యి ఊడొస్తాది" అని ఆమె కూడా నవ్వుతూనే బయటికొచ్చింది.

నేను వెనక్కి పోయి తాళంచెవితో డిక్కీ తెరిచాను. కార్పెట్ మీద పసుపు మరక. చేత్తో నొక్కితే తడి. వెనక మావాడు.

"ఏటయ్యింది బావా? నిన్న అంత దూరం నడిసింది కదా. ఇయ్యాల ఏటయ్యింది?"

చుట్టూ బంధువులు, ఊరివాళ్ళు, ఆటోవాళ్ళు. అంతా నన్నే చూస్తున్నారు. కారు చూసిపెట్టినవాణ్ణి నేను. దీనికి ఢోకా లేదని మాట ఇచ్చినవాణ్ణి నేను.

"ఇక్కడ నీళ్ళు పోసేశారు కదా. దీనికింద కంప్యూటర్లుంటాయి" అన్నాను.

ఆ క్షణంలో నేను దాన్ని నమ్మానో లేదో నాకే తెలియదు. నోటికొచ్చింది, అనేశాను. మావాడు తల్లివైపు తిరిగాడు.

"బుద్దున్నాదేటే నీకు? కంప్యూటర్ల మీద నీళ్ళు పోస్తారా ఎవులైనా? ఇది నీ ముసిలి పడవనుకున్నావా?"

డిక్కీ తెరిచి పోయమన్నది తనే అన్న సంగతి ఆ కోపంలో అతనికి గుర్తులేదు. ఆమె కొడుకుని చూసింది. తర్వాత నన్ను చూసింది. అడిగి పోశానని ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. కొంగు సర్దుకుని, కొబ్బరికాయ పట్టుకుని, ఒక్కర్తీ నడుచుకుంటూ గుడివైపు వెళ్ళిపోయింది.

కారుని లారీ మీద ఎక్కించి మా వర్క్‌షాపుకి తెచ్చాం. మా ఎలక్ట్రీషియన్ ఒకడుండేవాడు, బొబ్బిలివాడు, పెద్దగా మాట్లాడడు. కార్పెట్ తీసి, పలక తీసి, నన్ను పిలిచాడు.

"సార్, పసుపు ఎక్కడిదాకా ఎల్లిందో సూడండి. కార్పెట్ మీదే ఉన్నాది. పలక మీద సుక్క లేదు."

"కంప్యూటరు పెట్టెల దగ్గర నీళ్ళున్నాయిగా?"

"ఉన్నాయి. తెల్లటి నీళ్ళు. వాననీళ్ళు సార్. ఇదిగో ఈ దీపం పక్కనుంచి దిగుతన్నాయి. పసుపు నీళ్ళైతే మరక పడదేటి? ఈ పచ్చ చిలుము సూడండి, ఈ బోల్టుల తుప్పు సూడండి. ఇది మొన్నటిది కాదు. ఏళ్ళనుంచి తడుస్తన్నాది, ఆరతన్నాది."

వాడు తల ఎత్తకుండానే అడిగాడు. "కొనీముందు ఇది లేపలేదా సార్?"

వాడు వెటకారంగా అడగలేదు. తెలుసుకోవడానికి అడిగాడు. ఈ సంగతి బయట ఎవరితోనూ అనొద్దని మాత్రం చెప్పాను. మావాడికి ఫోన్ చేసి, "నీళ్ళు చేరాయి బావా, అందుకే" అన్నాను. ఏ నీళ్ళో చెప్పలేదు. రోడ్డు మీద అన్న మాట పొరపాటని సరిపెట్టుకోవచ్చు. ఈ ఫోన్ మాటకి ఆ పేరు పెట్టడం కుదరదు.

సామాన్లు విదేశాలనుంచి వచ్చి కారు బాగయ్యేసరికి ఎండాకాలం వచ్చింది. అప్పటికి మావాడికి మనసు విరిగిపోయింది. మళ్ళీ ఎక్కలేదు, బెంగళూరులో ఎవరికో అమ్మేశాడు. నేను ఆ కథని వర్క్‌షాపులో చెప్పాను, తర్వాత కొత్తవాళ్ళకి చెప్పాను. చెప్పినకొద్దీ దోసెడు నీళ్ళు బిందెడయ్యాయి. అందరూ నవ్వేవారు. మా ఎలక్ట్రీషియన్ మాత్రం లేచి బయటికి పోయేవాడు. కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు.

రెండేళ్ళ తర్వాత మావాడు ఒక సరుకు బండి చూసిపెట్టమని ఊరికి పిలిచాడు. వెళ్ళేసరికి ఒడ్డున సందడిగా ఉంది. కొత్త పడవ దిగుతోంది. ఇత్తడి బిందె పట్టుకుని నీళ్ళు పోస్తున్నది ఎవరో వేరే ఆవిడ. మా అత్త తన ఇంటి అరుగు మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. అక్కడినుంచి ఒడ్డు కనపడుతూనే ఉంటుంది. ఆమె మాత్రం అటువైపు వీపు పెట్టి కూర్చుంది.

"నువ్వెళ్ళలేదేం అత్తా?"

"నన్నెవుడు పిలుస్తాడు అల్లుడూ? నా సేత్తో నీళ్ళు పోస్తే గుడిముందే కార్లు ఆగిపోతన్నాయి. పడవ నడి సముద్రంలో ఆగిపోతే?" అని నవ్వింది. "సేప రాక కూడా సాన్నాళ్ళైపోనాది. పోన్లే, ముళ్ళు తియ్యడం తప్పింది."

నేను బండి చూడకుండానే వెనక్కి వచ్చేశాను. ఆ వారమే మళ్ళీ వెళ్ళి మావాడికి మొత్తం చెప్పాను. కలరా ఉండలతో మొదలుపెట్టి, ఫోన్ మాటదాకా.

"కారు పోతే పోనాది" అన్నాడు. "నడిరోడ్డు మీద నాను అమ్మని తిట్టీసినాను బావా. నువ్వు పక్కనే నిలబడి ఇన్నావు."

లేచి నిలబడి, "ఊరికి నువ్వే సెప్పు. నాను సెప్తే అమ్మకోసం సెప్తన్నాననుకుంటారు" అన్నాడు.

వలలు బాగుచేసుకునే పాక కింద ఊరి పెద్దలు కూర్చుని ఉంటే వెళ్ళి చెప్పాను. వాన, రబ్బరు, చిలుము, పసుపు మరక ఎక్కడ ఆగిందీ, అన్నీ వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విన్నాక ఒకాయన వల పక్కన పెట్టి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు మంచోరు బాబూ. ముసిల్దానిమీద జాలి పడినారు."

"జాలి కాదు. నిజం చెప్తున్నాను."

"అలగే లెండి. ఆ రోజు కూడా మీరే కదేటి సెప్పినారు, నీళ్ళవల్లేనని?"

ఇంకొకాయన మెల్లగా అన్నాడు. "కొడుకు సెప్పించుంటాడు. తప్పేటుంది, తల్లి కదా."

నా అబద్ధానికి సాక్ష్యం ఎవరూ అడగలేదు. నిజానికి మాత్రం నా ఒక్కడి మాట చాలలేదు.

అరుగు మీదికి వచ్చి అత్త దగ్గర కూర్చున్నాను. ఆమెకి కూడా చెప్పాను. నువ్వు నన్నడిగి పోశావని ఆ రోజు ఎందుకనలేదని అడిగాను.

"నువ్వు సెమటలు కక్కుతన్నావురా. మావోడు పిచ్చి కోపమ్మీదున్నాడు. నీ పేరు సెప్తే నీ పీక పట్టుకునీవోడు. నాలుగు రోజులు నన్ను తిడతాడు, తగ్గిపోతాదనుకున్నాను" అంది. "ఇలగ సేతికి సెడ్డ పేరొచ్చీద్దనుకోలేదు."

"పాకలో చెప్పాను. నమ్మలేదు."

"ఏల నమ్ముతారు? బండి ఆగిపోడం ఆళ్ళు కళ్ళారా సూసినారు. నీ మాటని కళ్ళతో సూడ్డం అవ్వదు కదా."

ఆ మాట పట్టుకుని నేను తిరిగొచ్చాను. కిందటేడు ఉద్యోగం మానేసి శ్రీకాకుళంలో సొంతంగా పని మొదలుపెట్టాను. సామాన్లు వేసుకు తిరగడానికి ఒక పాత వ్యాను కొన్నాను. కొన్నరోజే దాన్ని నేరుగా ఆ ఊరికి తీసుకెళ్ళి, అత్త వాకిట్లో కాకుండా ఒడ్డున, పాక ఎదురుగా నిలబెట్టాను. వెళ్ళి ఆమెని పిలిచాను. రానంది. అరుగు మీదనుంచి కదలనంది.

"ఇది కూడా పాడైపోనాదనుకో, నన్ను ఊళ్ళో ఉండనిస్తారేటి?"

"పాడవదత్తా."

"అప్పుడు కూడా ఇలగే సెప్పినావు."

"అప్పుడు చూడకుండా చెప్పాను. దీన్ని మొత్తం విప్పి చూశాను. నట్టు నట్టూ చూశాను."

ఆమె కాసేపు నా మొహం చూసింది. లోపలికి వెళ్ళి బిందె తెచ్చింది. పాక కింద అందరూ పనులాపి చూస్తున్నారు, ఒక్కరూ లేచి రాలేదు. ఆమె వ్యాను ముందు నీళ్ళు పోసింది, బొట్టు పెట్టింది. వెనక తలుపు నేను తెరిచి పట్టుకున్నాను. ఈసారి దోసిలి పట్టలేదు. బిందె ఎత్తి, మిగిలినదంతా ఒక్కసారిగా లోపలికి కుమ్మరించింది. నా ప్యాంటు మోకాళ్ళదాకా పసుపయింది.

"ఇప్పుడు తిప్పు తాళం" అంది.

తిప్పాను. స్టార్టయింది.

ఏడాది కావస్తోంది. వేరే ఎవరూ ఆమెని ఇంకా పిలవలేదు. నేను మాత్రం వారానికోసారి ఆ ఊరు వెళ్ళి, వ్యానుని పాక ఎదురుగా ఆపి, అత్తతో నాలుగు మాటలు మాట్లాడి, తిరిగి వచ్చి అందరూ చూస్తుండగా తాళం తిప్పుతాను. కొనడానికి మంచి బేరాలు వచ్చాయి, అమ్మలేదు. మొన్న వెళ్ళినప్పుడు నన్ను మంచోరన్న ఆ పెద్దాయన వల అల్లడం ఆపి, ఇంజను అందుకునేదాకా వ్యానునే చూస్తూ ఉన్నాడు. అందుకున్నాక తల దించుకుని మళ్ళీ వల అల్లుకున్నాడు.